సెకనుకు 50 మీటర్లు: మన తీరానికి గాలి లెక్క ఎవరు కట్టారు?

ఈ ఎపిసోడ్‌లో ఒక అంకె చరిత్ర చెప్పుకుందాం. ఆ అంకె 50. మన దేశంలో ఇళ్ళూ వంతెనలూ టవర్లూ కట్టే ఇంజనీర్లు వాడే గాలి పటం ఒకటుంది. అందులో హైదరాబాదుకి 44 అని ఉంటుంది, విశాఖపట్నానికి 50, పైకి వెళ్తే భువనేశ్వర్‌కి కూడా 50. ఆ రెండు ఊళ్ళ నడుమ భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న మన సముద్రతీరం అదే పట్టీలో పడుతుంది. 50 అంటే సెకనుకు 50 మీటర్ల గాలి. గంటల్లో చెప్పుకుంటే 180 కిలోమీటర్లు. మన తీరాన ఏం కట్టినా లెక్క అక్కడినుంచి మొదలుపెట్టాలి అని దాని అర్థం.

మరి ఈ 50 ఎవరు రాశారు? ఏ మంత్రిగారి జీవోలోంచీ రాలేదు. కొందరు ఇంజనీర్లు, ప్రొఫెసర్లు, వాతావరణ శాఖ వాళ్ళు తమ ఉద్యోగాలు తాము చేసుకుంటూనే, ఒక కమిటీలో కూర్చుని ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడి తేల్చిన అంకె ఇది. ఆ పనికి వేరే జీతం లేదు. పుస్తకం అట్ట మీద వాళ్ళ పేర్లూ ఉండవు. కానీ అక్టోబరు వచ్చిందంటే మన ప్రాణాలు ఆ పుస్తకం మీద ఆధారపడి ఉంటాయి. అందుకే ఈ కథ చెప్పాలనిపించింది.

మన జిల్లాల వాళ్ళకి అక్టోబరు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు 165 దాకా ఉందని వాతావరణ శాఖ చెప్పింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసలకి వరసలు పడిపోయాయి. జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు స్తంభాలు వంగిపోయి ఊళ్ళకి ఊళ్ళు చీకట్లో ఉండిపోయాయి.

అప్పుడు నేను మా ప్రాంతపు ఇంజనీర్ల సంఘంలో కమిటీ సభ్యుణ్ణి. సంఘం పేరు ఇక్కడ అవసరం లేదండి. గాలి తగ్గాక మేం ఆరుగురం సొంత ఖర్చు మీద ఉద్దానం వెళ్ళాం. అక్కడ ఒక రేకుల ఇంటి ముందు నిలబడి ఉండగా నాకొక సందేహం వచ్చింది. పుస్తకంలో ఉన్నది 180. వచ్చిన గాలి 165. అంటే పుస్తకం చెప్పినట్టు కట్టి ఉంటే ఈ కప్పు ఎగిరిపోకూడదు. మరి ఎగిరిపోయింది. తప్పు ఎక్కడుంది? అంకెలోనా, అంకెకీ ఈ ఇంటికీ మధ్యలోనా?

దీనికి జవాబు కావాలంటే ముందు ఆ అంకె పుట్టుక తెలియాలి. అది మొదలైంది స్కాట్లండులో.

1879 డిసెంబరు 28 రాత్రి అక్కడ టే నది మీద రైలు వంతెన తుపాను గాలికి కూలిపోయింది. ఆ సమయంలో వంతెన మీద రైలుంది. అందులో ఒక్కరు కూడా బతకలేదు. వంతెన తెరిచి రెండేళ్ళు కూడా కాలేదు. విచారణలో బయటపడిందేమిటంటే, కట్టిన ఇంజనీరు గాలి తోపుకి ప్రత్యేకంగా లెక్కే వేసుకోలేదు. ఆయన ఒక్కడిదే తప్పు అనడానికి కూడా లేదండి. గాలి ఎంత బలంగా తోస్తుందో నమ్మకంగా చెప్పగలిగిన మనిషి అప్పటికి లేడు. అప్పుడు రాయల్ మెటియరలాజికల్ సొసైటీ గాలి బలం మీద ఒక కమిటీ వేసింది. ఆ పనిలో పడిన విలియం హెన్రీ డైన్స్ అనే ఆయన ఒక పరికరం తయారుచేశాడు. ఎత్తైన గొట్టం, దాని మూతి ఎప్పుడూ గాలికి ఎదురుగా తిరుగుతూ ఉంటుంది. గాలి లోపలికి తోసినకొద్దీ కింద నీళ్ళలో తేలే డబ్బా పైకి లేస్తుంది. డబ్బాకి కట్టిన పెన్ను కాగితం చుట్టిన డ్రమ్ము మీద గీత గీస్తుంది. గాలి తన వేగాన్ని తానే రాసుకున్నట్టన్నమాట. ఈ డైన్స్ గొట్టాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇది ఎక్కడో సీమ దేశపు సంగతి అనుకోకండి. గాలీ వానా కొలిచే పని మన దగ్గర అంతకు ముందే ఉంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో సొంత డబ్బుతో డాబా గార్డెన్స్‌లో నక్షత్రశాల కట్టించారు. ఆయన మద్రాసు వెళ్ళి అక్కడి అబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న మనిషి. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఆ పని కొనసాగించారు. నక్షత్రాలతో పాటు వాతావరణం వివరాలు కూడా అక్కడ రాసి ఉంచేవారు, ప్రభుత్వానికి పంపేవారు. అప్పట్లో విజయనగరం విశాఖపట్నం జిల్లాలో భాగం. మన శ్రీకాకుళం, అంటే చికాకోల్, గంజాం జిల్లాలో ఉండేది. ఈ తీరం వాతావరణాన్ని క్రమంగా పుస్తకానికెక్కించిన తొలి చోట్లలో అది ఒకటి. ఇందులో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, మామగారు మొదలుపెట్టారు, అల్లుడుగారు ఆపలేదు. వాతావరణం లెక్కలో ఒక్క ఏడాది కాగితానికి విలువ తక్కువ. ముప్ఫై ఏళ్ళ కాగితాలు వరసగా ఉంటేనే అది జ్ఞానం.

ఇప్పుడు కమిటీ సంగతికి వద్దాం. ఇంజనీర్ల ప్రాంతీయ సంఘం ఒకటి ఏడాదికేడాది కూర్చుని కట్టడాల నియమాలు రాయడం, ఈ పద్ధతి గట్టిగా పాతుకున్న చోటు అమెరికాలోని కాలిఫోర్నియా. వాళ్ళకి భయం భూకంపం. 1925లో శాంటా బార్బరా, 1933లో లాంగ్ బీచ్ దెబ్బతిన్నాయి. లాంగ్ బీచ్‌లో బడులు కూలిపోయాయి. భూకంపం సాయంత్రం వచ్చింది కాబట్టి పిల్లలు లేరు, లేకపోతే ఆ ఘోరం ఊహించలేం. అక్కడి స్ట్రక్చరల్ ఇంజనీర్ల సంఘం 1957లో రాష్ట్రం మొత్తానికి ఒక భూకంపాల కమిటీ వేసుకుంది. పగలు ఆఫీసు పని, సాయంత్రం కమిటీ పని. రెండేళ్ళలో, 1959లో, ఒక చిన్న పుస్తకం తెచ్చారు. అట్ట నీలం రంగు కాబట్టి అందరూ దాన్ని బ్లూ బుక్ అనేవారు.

అక్కడితో ఆగి సన్మానాలు చేయించుకుని ఉంటే ఈ రోజు వాళ్ళ పేరు చెప్పుకునేవాళ్ళం కాదండి. 1971లో శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చింది. అప్పుడే కొత్తగా కట్టిన పెద్ద ఆసుపత్రి ఒకటి దెబ్బతింది. అంటే కొత్త పద్ధతిలో కట్టినవీ నిలబడలేదు. పుస్తకం మళ్ళీ తెరిచారు. 1994లో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చినప్పుడు, చాలా గట్టివని నమ్మిన స్టీలు భవనాల్లో వెల్డింగు అతుకుల దగ్గర పగుళ్ళు కనపడ్డాయి. ఆ అతుకుల్ని డిజైను చేసిన వాళ్ళలో ఆ సంఘం సభ్యులు కూడా ఉండే ఉంటారు. అయినా దాచలేదు. వేరే సంస్థలతో కలిసి ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి, ఎక్కడ పొరపాటు పడ్డామో రాసి పెట్టారు. కమిటీకి ప్రాణం అదే. తాను రాసినదాన్ని తానే మళ్ళీ అనుమానించాలి.

మన దేశానికి వద్దాం. స్వాతంత్ర్యం రావడానికి కొద్ది నెలల ముందు, 1947 జనవరిలో, ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ పుట్టింది. మన సరుకుల మీద ఐఎస్ఐ మార్కు దానిదే. తర్వాత అది బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ అయింది. కట్టడాల మీద పడే బరువులు, గాలి తోపు చెప్పే ఐఎస్ 875 అనే పుస్తకం మొదట 1957లో వచ్చింది. 1964లో దిద్దారు. తర్వాత 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. పెద్దవాళ్ళెవరూ ఆ రాత్రిని మరిచిపోలేదు. 1987లో ఐఎస్ 875ని ఐదు భాగాలు చేసి, మూడో భాగం మొత్తం గాలికే ఇచ్చారు. మనం మొదట చెప్పుకున్న పటం ఆ భాగంలోదే. దేశాన్ని 33 నుంచి 55 దాకా ఆరు రంగులుగా విడదీశారు.

ఆ రంగులు ఎలా వచ్చాయంటారు? దేశం మొత్తం మీద 43 కేంద్రాల్లో డైన్స్ గొట్టాలు గీసిన గీతల్లోంచి. టే వంతెన కూలిన తర్వాత పుట్టిన పరికరం, వందేళ్ళ తర్వాత మన ఉద్దానపు ఇంటి కప్పుకి లెక్క చెప్పింది. ఏ కేంద్రంలోనో ఒక ఉద్యోగి రోజూ డ్రమ్ము మీద కాగితం మార్చాడు. ఆయన మానేసి ఉంటే కమిటీ ముందు ఏ అంకే ఉండేది కాదు.

కమిటీ ఎలా పని చేస్తుందో కూడా చెప్తాను. ఐఐటీల ప్రొఫెసర్లు, పరిశోధన సంస్థల వాళ్ళు, ప్రభుత్వ శాఖల ఇంజనీర్లు, ప్రైవేటు కన్సల్టెంట్లు అందులో ఉంటారు. ముసాయిదా తయారవుతుంది, దాన్ని అభిప్రాయాల కోసం బయటికి పంపుతారు. శ్రీకాకుళంలో ఉన్న ఇంజనీరైనా సరే ఇది తప్పండీ అని రాయొచ్చు. వచ్చిన ప్రతి అభ్యంతరం మీద చర్చ జరుగుతుంది. ఓట్లతో నెగ్గడం కన్నా అందర్నీ ఒప్పించడమే ఇక్కడి పద్ధతి. అందుకే ఆలస్యం. 1987 తర్వాత గాలి భాగానికి మళ్ళీ పూర్తి సవరణ వచ్చింది 2015లో.

ఆ సవరణలో మనకి సంబంధించిన పెద్ద మార్పు ఒకటుంది. తూర్పు తీరం వెంబడి 60 కిలోమీటర్ల లోపల ఉన్న చోట తుపాను కోసం అదనపు గుణకం పెట్టారు. తుపాను తర్వాత జనానికి అవసరమయ్యేవి, అంటే ఆసుపత్రులు, బడులు, షెల్టర్లు, కమ్యూనికేషన్ టవర్లు, వీటికి 1.30. పరిశ్రమలకి 1.15. మిగతా అన్నిటికీ 1.00. మన దగ్గర 50ని 1.30తో హెచ్చిస్తే 65 వస్తుంది, అంటే గంటకి 234 కిలోమీటర్లు. ఇక మామూలు ఇంటికి 1.00, అంటే పెంచింది ఏమీ లేదు. నేను మొదటిసారి చదివినప్పుడు కొంచెం కష్టం అనిపించింది. పేదవాడి ఇల్లు లెక్కలోకి రాదా అని. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ప్రతి ఇంటినీ 65కి కట్టమంటే ఎవరూ కట్టలేరు, పుస్తకాన్నే పక్కన పడేస్తారు. కనీసం ఊళ్ళో బడి నిలబడితే ఇల్లు పోయినవాడు అందులో తలదాచుకుంటాడు. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ అది యంత్రం చెప్పిన అంకె కాదు, మనుషులు బరువు మోసి తీసుకున్న నిర్ణయం.

ఇంకో సంగతి. ఆ 50 అనేది 50 ఏళ్ళకొకసారి వచ్చే గాలి అని చెప్తారు. దాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు, ఒకసారి వచ్చింది కాబట్టి ఇంక 50 ఏళ్ళు భయం లేదని. అలా కాదండి. ఏ ఏడాదైనా ఆ గాలి రావడానికి నూటికి రెండు వంతుల అవకాశం ఉంది అని. నిన్న వచ్చినా ఈ ఏడాది మళ్ళీ అదే రెండు వంతులు. ఆ లెక్కన ఇల్లు 50 ఏళ్ళు నిలవాలంటే, ఆ కాలంలో కనీసం ఒకసారి దాన్ని ఎదుర్కోవడానికి నూటికి 63 వంతులకి పైనే అవకాశం. సగం కంటే ఎక్కువ.

సరే, మళ్ళీ ఉద్దానం వెళ్దాం. ఆ రేకుల ఇంటి ముందుకి. అక్కడ మేం చూసింది చాలా చిన్న విషయం. రేకుల్ని కింద ఉన్న ఇనప గొట్టాలకి పట్టి ఉంచేవి కొక్కెం బోల్టులు. మధ్యలో ఎంత దూరంలో వేశారో, అంచుల్లో, మూలల్లో కూడా అంతే దూరంలో వేశారు. కొన్నిచోట్ల ఒకటి వదిలి ఒకటి వేశారు. గాలి కప్పు మీదుగా పోతున్నప్పుడు రేకుని కిందికి నొక్కదండి, పైకి లాగుతుంది. అంచుల్లో, మూలల్లో ఆ లాగుడు అన్నిటికంటే ఎక్కువ. 50 మీటర్ల గాలి తోపు చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువుతో సమానం. రేకు సొంత బరువు పాతిక కిలోలు కూడా ఉండదు. కాబట్టి దాన్ని ఆపేది బోల్టు ఒక్కటే. ముందు మూల రేకు లేస్తుంది, గాలి లోపలికి దూరుతుంది, ఆ తర్వాత మిగతా కప్పు వరసగా పోతుంది. అంచుల్లో బోల్టులు దగ్గర దగ్గరగా వేయాలి. తీరంలో చిన్న ఇళ్ళ కోసం 2004లోనే ఐఎస్ 15498 అని వేరే పుస్తకం కూడా ఉంది, ఇలాంటివన్నీ చెప్పడానికి.

ఆ ఊళ్ళో తాపీ మేస్త్రి ఒకాయన మాతో తిరిగాడు. నేను అడిగాను, “అంచుల్లో ఇంకో నాలుగు కొక్కేలు ఎక్కువ వేస్తే ఏం పోయింది మేస్త్రీ?” అని. ఆయన నవ్వి అన్నాడు: “బాబూ, కొక్కేలు తగ్గిత్తే ఇంటాయన కర్సు తగ్గిందని సంబరపడతాడు. రేకు ఎగిరిపోతే గాలిని తిడతాడు గానీ నన్ను తిట్టడు కదా. అయినా అంచుల్లో ఎక్కువెయ్యాలని నాకెవులు సెప్పినారు?”

ఆ చివరి మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నా సందేహానికి జవాబు అదే. అంకె సరిగ్గానే ఉంది. 1987 నుంచి ఉంది. అది మేస్త్రి దాకా రాలేదు. తెచ్చిపెట్టాల్సింది ఎవరు? మాలాంటి సంఘాలే.

మేం తిరిగొచ్చి నాలుగు పేజీల కరపత్రం రాశాం, తెలుగులో, బొమ్మలతో. బోల్టు ఎక్కడ వేయాలి, గోడ మీద కప్పుని ఎలా బిగించాలి, అంతే. ఆ ఏడాది మేస్త్రులతో రెండు సమావేశాలు కూడా పెట్టాం. తర్వాత మా కమిటీ గడువు అయిపోయింది. కొత్త కమిటీ వచ్చింది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, మంచి ఇంజనీర్లే. కానీ ప్రతి కమిటీకీ తన గుర్తు తనకి కావాలి. మా కరపత్రం కట్టలు బీరువాలో ఉండిపోయాయి. తప్పు వాళ్ళ మీద వేసి నేను తప్పుకోను. అప్పగింత అనేది మేం చేయలేదు. ఏ ఊళ్ళు చూశామో, ఏ మేస్త్రులు వచ్చారో, ఏం మిగిలిపోయిందో ఒక పుస్తకంలో రాసి కొత్తవాళ్ళ చేతిలో పెట్టలేదు. దండలు వేయించుకుని దిగిపోయాం.

నిజానికి ఏటా చేసే ఉమ్మడి పని మన ఊళ్ళకి కొత్త కాదు. వానలు పడేలోపు రైతులంతా చేరి చెరువు గట్టు ఎత్తడం, మదుం బాగుచేసుకోవడం, కాలువలో పూడిక తీయడం, దాన్నే కుడిమరామత్తు అనేవారు. ఆ అలవాటు ఎంత బలహీనపడిందంటే, 1858లో మద్రాసు ప్రభుత్వం ఆ పని చేసి తీరాలని చట్టం చేయాల్సి వచ్చింది. చట్టం వచ్చినా పాత పట్టుదల తిరిగి రాలేదు. ఒక్క ఏడాది మానేస్తే ఏం కాదు అనిపిస్తుంది. పూడిక కూడా అలాగే పేరుకుంటుంది, ఏడాదికింత.

మన ఇంజనీర్ల సంఘాలన్నిటికీ పెద్ద పండగ సెప్టెంబరు 15, విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. ఉపన్యాసం, శాలువా, భోజనం. మంచిదే, నేనూ వెళ్తాను. కానీ క్యాలెండరు చూడండి. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లో వచ్చాయి. అంటే ఆ పండక్కీ తుపానుకీ మధ్య నాలుగు వారాల వ్యవధి కూడా లేదు. ఆ నాలుగు వారాల్లో ఒక్కో సంఘం పది ఊళ్ళు తిరిగి, ఇళ్ళ అంచుల్లో బోల్టులు చూసి రావచ్చు. పోయినేడు చూసిన ఊరు ఈ ఏడు మళ్ళీ చూడాలి. చూసినది రాయాలి. రాసినది తర్వాతి కమిటీకి సంతకం పెట్టించుకుని అప్పగించాలి.

ఆ బీరువా తాళం కోసం నేను మొన్ననే అడిగాను. కరపత్రాలు చెదలు పట్టకుండా ఉన్నాయట. ఇప్పటి కమిటీలో కుర్రాళ్ళు ఇద్దరు తీసుకెళ్ళి మళ్ళీ అచ్చు వేయిస్తామన్నారు. “మీరు ఏమేం తప్పులు రాశారో కూడా దిద్దుతాం గురువుగారూ” అన్నారు. దిద్దండి బాబూ, మాకు కావలసింది అదే అన్నాను.

ఈ వీడియో చూస్తున్న మీలో రేకుల ఇల్లు ఉన్నవాళ్ళు వినాయక చవితి లోపు ఒకసారి నిచ్చెన వేసుకుని మూలలు చూడండి. తుప్పు పట్టిన బోల్టులుంటే మార్పించండి. మీ ఊరి మేస్త్రికి ఈ ఎపిసోడ్ వినిపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.